మడతల పాట

ఆ వానాకాలం మా ఇంట్లో అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. అక్క అంటే మా అమ్మ, తమ్ముడు అంటే మా మామయ్య. కింద వాటాలో అమ్మా నాన్నా నేనూ ఉండేవాళ్ళం, మేడ మీద గదిలో మామయ్య. ఇంటి ముందు రేకుల షెడ్డులో ఆయన మోటార్‌సైకిళ్ళు బాగుచేసేవాడు. మాటలు లేవు కాబట్టి వాళ్ళ మాటలన్నీ నా మీదుగా నడిచేవి. "భోజనానికి వస్తాడేమో కనుక్కో" అని ఆయనకి వినపడేట్టే అమ్మ నాతో అనేది. "ఆకలి లేదని చెప్పు" అని ఆవిడకి వినపడేట్టే మామయ్య నాతో అనేవాడు. నేను అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో నిలబడి, ఇద్దరూ విన్న మాటనే మళ్ళీ ఇద్దరికీ ఒప్పజెప్పేదాన్ని.

ఇంటి గురించో డబ్బు గురించో గొడవపడి ఉంటే చుట్టుపక్కల వాళ్ళకి అర్థమయ్యేది, నలుగురూ వచ్చి సర్ది చెప్పేవాళ్ళు. వీళ్ళు గొడవపడింది ఒక పాట మధ్యలో ఉండే ఖాళీ గురించి.

వాళ్ళిద్దరూ కలిసి ఒక బ్యాండ్. ఇద్దరే. బ్యాండ్ పేరు తుప్పు. మామయ్య పెట్టిన పేరు. "మంచి పేర్లన్నీ అయిపోయాయిట్రా?" అని అమ్మ మొదట్లో అడిగిందట గానీ, పోస్టర్ల మీద పడ్డాక ఇక మార్చలేదు. అమ్మ పగలంతా బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. సాయంత్రం ఆ మిషన్ మీద గుడ్డ కప్పి, వేళ్ళకి ప్లాస్టర్ చుట్టుకుని, తనకంటే ఎత్తున్న బేస్‌ని భుజానికి ఆనించుకునేది. చూడ్డానికి అది మనిషెత్తు ఫిడేలు. దాన్ని మీటదు, తీగని లాగి వదుల్తుంది. వదిల్తే తీగ కర్రకి తగిలి టక్కుమంటుంది. డ్రమ్ము వాయించే మనిషి లేడు గనక ఆ టక్కే వాళ్ళ డ్రమ్ము. అలా వాయించడాన్ని రాకబిలీ అంటారని మామయ్య చెప్పేవాడు. మామయ్య గిటార్‌ది మాత్రం పంక్. పంక్ అంటే ఏంటని చిన్నప్పుడు అడిగితే, "నచ్చనిదాన్ని నచ్చలేదని గట్టిగా చెప్పడం, రానిదాన్ని వచ్చినట్టే వాయించడం" అన్నాడు. వీటి మధ్యలోకి ఎక్కడెక్కడి పాత పాటలో తెచ్చి దూర్చేవాళ్ళు. పడవ వాళ్ళ పాటలు, రాళ్ళు కొట్టేవాళ్ళ పాటలు, పాడినవాళ్ళెవరో ఎవరికీ గుర్తులేని పాటలు. బస్సు నడిపే మా నాన్న ఒక్క ముక్కలో తేల్చేవాడు. "మీ అమ్మది గుర్రం నడక. మీ మామయ్యది కుక్క తరిమినవాడి పరుగు. ఇద్దరూ ఒకే వీధిలో వెళ్ళడమే విచిత్రం."

నాకేమో ప్రతిదాన్లో ముక్కు దూర్చే అలవాటు. ఈ పాట ఎక్కడిది, ఆ దెబ్బ ఇక్కడే ఎందుకు పడాలి అని అడిగి అడిగి ఇద్దర్నీ విసిగించేదాన్ని.

ఆ ఏడు వానలు మొదలవుతూనే ఊరి చివర పాత లాండ్రీ మూసేస్తున్నారని తెలిసింది. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీ. మా అమ్మమ్మ పోయేదాకా అందులోనే పనిచేసింది. మూసేముందు ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ కూడి పాటలు పెట్టుకుంటున్నాం, మీ అమ్మ పనిచేసిన చోటు కదా, మీరొచ్చి వాయించండని అక్కడివాళ్ళు కబురు చేశారు. ఇద్దరూ మాటిచ్చారు. అమ్మమ్మ పాడే పాటొకటి వాయిద్దామని కూడా అనుకున్నారు. అన్నేళ్ళలో ఆ పాటని అమ్మ బ్యాండ్‌లోకి రానిచ్చింది అప్పుడే.

షెడ్డులో రేకుల మీద వాన కురుస్తుండగా అమ్మ అందుకుంది. "పట్టవే అంచు..." అని ఆగింది. ఒక ఊపిరి తీసి వదిలేంత ఖాళీ. "దులపవే దుప్పటి..." మళ్ళీ ఖాళీ. "రావే దగ్గరికి... ఇయ్యవే నీ కొస..." అంతే పాట. నిద్రపుచ్చే పాటలా మెల్లగా సాగేది. ఆ ఖాళీల్లో బేస్ కూడా వాయించేది కాదు.

మామయ్య మూడు సార్లు ఊరుకున్నాడు. నాలుగోసారి, "పట్టవే అంచు" అని అమ్మ ఆగగానే, గిటార్ ఝల్లుమనిపించి "హేయ్!" అని అరిచాడు. ఆపైన వేగం రెట్టింపు చేశాడు.

అమ్మ బేస్ ఆపేసింది. "ఏంట్రా అది?"

"ఖాళీగా ఉందని నింపాను."

"నింపమని ఎవరడిగారు? ఆ ఖాళీలోనే మా అమ్మ ఉంది. నువ్వు అరిస్తే పోతుంది."

"నీకొక్కదానికే అమ్మా? నాకూ అమ్మేగా! ఖాళీలో ఎవరూ ఉండరే అక్కా. జనం అంతసేపు ఆగితే కుర్చీలు సర్దుకుని లేచిపోతారు."

"పోతే పోనీ. నీకు ప్రతిదీ తగలబడుతున్నట్టు పరిగెత్తాలి. మా అమ్మ పాట నీ బండి ఇంజన్ కాదు."

"నీకు ప్రతిదీ శవం దగ్గర పాడినట్టు ఉండాలి!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ బేస్‌ని గోడకి ఆనించి, వేళ్ళకున్న ప్లాస్టర్ ఒక్కొక్కటే పీకి, "నీతో ఇదే ఆఖరు" అంది. "సరే, ఆఖరే" అన్నాడు మామయ్య. తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం ఇద్దరూ. పెద్ద పట్నంలో ఒక బ్యాండ్ వాళ్ళు ఆయన్ని గిటార్ వాయించడానికి ఎప్పణ్ణుంచో పిలుస్తున్నారు. ఆ వారం తిరక్కుండానే వాళ్ళకి వస్తానని చెప్పేశాడు. లాండ్రీలో వాయించిన మర్నాడే ప్రయాణం. షెడ్డు కూడా ఎవరికో అప్పజెప్పడానికి మాట్లాడుకున్నాడు.

నాన్న ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ, షూ లేసులు కట్టుకుంటూ అన్నాడు. "ఒక్క మాట. 'వెళ్ళకురా' అను. వాడు ఆగిపోతాడు. నాకు తెలుసు వాడి సంగతి."

"పోయేవాణ్ణి కాళ్ళు పట్టుకుని ఆపాలా? పెద్దదాన్ని నేను."

"పెద్దదానివే. అందుకే నిన్ను అడుగుతున్నా. వాడే పెద్దవాడైతే వాణ్ణే అడిగేవాణ్ణి."

"నువ్వు బస్సు నడుపుకో" అంది అమ్మ.

మామయ్య లేకుండా మా ఇల్లు ఎలా ఉంటుందో నేను ఊహించడానికి ప్రయత్నించి మానేశాను. మేడ మీద అడుగుల చప్పుడు, షెడ్డులో ఇనుప సామాను చప్పుడు, వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు తీసి చూసే ఆ మనిషి లేకపోతే మేం ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకుంటూ కూర్చోవాలి. భయం వేసింది. దాంతోపాటు నన్ను ఇంకోటి తొలుస్తూ ఉండేది. ఇంతకీ ఆ పాటలో అంత ఖాళీ ఎందుకుంది?

నేను అప్పుడు ఆస్పత్రిలో దుప్పట్ల గదిలో పనిచేసేదాన్ని. లాండ్రీ నుంచి వచ్చే మూటలు దింపించుకుని బీరువాల్లో సర్దడం నా పని. ఒకరోజు మూటలు తెచ్చిన వ్యాను డ్రైవర్ని ఊరికే అడిగాను, అక్కడ ఆడవాళ్ళు పాటలు పాడతారా అని.

"ఇప్పుడెవరు పాడతారమ్మా? మడతలు కూడా మిషనే పెడుతోంది" అన్నాడు. "అయితే ఒక పెద్దావిడ ఉంది, మడతల పెద్దమ్మ అంటాం. పని మానేసినా రోజూ వచ్చి కూర్చుంటుంది. తోచదట. మీకు పాటలేగా కావాలి, ఆవిణ్ణి అడగండి."

అడగాల్సింది నేను కాదని నాకు తెలిసిపోయింది. ఇంటికెళ్ళి అమ్మతో, "ఎక్కడ నిలబడాలో ఓసారి చూసుకోవాలట, లాండ్రీ వాళ్ళు రమ్మన్నారు" అన్నాను. మామయ్యతో, "ప్లగ్గులు ఎక్కడున్నాయో చూసుకోవాలట" అన్నాను. రెండూ అబద్ధాలే, కానీ రెండూ నిజమైతే బాగుండే అబద్ధాలు. మర్నాడు సాయంత్రం వ్యానులో అమ్మ ముందు కూర్చుంది, మామయ్య వెనక మూటల మీద.

లాండ్రీలో సబ్బు వాసన, తడి వెచ్చదనం. గోడల పెచ్చులు ఊడి ఉన్నాయి. పొడుగాటి గది మధ్యలో ఒక్క మిషన్ మాత్రం నడుస్తోంది. దాని రోలర్ల మధ్య నుంచి దుప్పట్లు ఇస్త్రీ అయి జారి పడుతున్నాయి. కిటికీ పక్కన స్టూలు మీద ఒక ముసలావిడ. బక్కమనిషి, పెద్ద కళ్ళజోడు. అమ్మమ్మ పేరు చెప్పగానే లేచి నిలబడింది. అమ్మ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. తర్వాత మామయ్యని కిందనుంచి మీదిదాకా చూసింది.

"నువ్వు బుట్టలోడివా?"

మామయ్య వెనక్కి చూశాడు, ఇంకెవర్నో అంటోందేమోనని.

"నిన్నేరా! మీ అక్క బడికి పోయేది. నిన్ను చూసే దిక్కులేక మీ అమ్మ ఇక్కడికే తెచ్చుకునేది. అదిగో, ఆ మిషన్ పక్కనే, ఉతికిన దుప్పట్ల బుట్టలో పడేసేవాళ్ళం. మిషన్ ఆగితే ఏడుపు లంకించుకునేవాడివి. నడుస్తుంటే నిద్ర."

నాకు నవ్వొచ్చింది. మామయ్యకి రాలేదు. ఆ మిషన్ వంకే చూస్తూ, వేళ్ళతో తొడ మీద ఏదో దరువు వేసుకుంటున్నాడు. అది ఎప్పుడూ ఆయన వేసే దరువే, మిషన్ చప్పుడుతో సరిగ్గా కలిసిపోయింది.

"పెద్దమ్మా, మా అమ్మమ్మ ఒక పాట పాడేదట" అన్నాను. "అమ్మా, పాడవే."

"ఇక్కడా?" అని అమ్మ బిడియపడింది. తర్వాత తలొంచుకుని, మిషన్ చప్పుడులో వినీ వినపడనట్టు, తన పద్ధతిలో అందుకుంది. "పట్టవే అంచు..."

"పట్టానే అక్కా" అంది ముసలావిడ.

అమ్మ ఆగిపోయింది.

"ఆగావేంటమ్మా? కానీ."

"దులపవే దుప్పటి" అంది అమ్మ. ఈసారి పాడలేదు, అడిగింది.

"దులిపానే అక్కా. రావే దగ్గరికి అను. అంటే నేను వస్తున్నానే అక్కా అంటాను. ఇయ్యవే నీ కొస అంటే ఇచ్చానే అక్కా. ఇద్దరు పాడే పాట కదా ఇది! దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి, ఆ కొస ఒకరూ ఈ కొస ఒకరూ. మీ అమ్మ అడిగేది, నేను పలికేదాన్ని. అయినా ఇంత సాగదీస్తే ఎలా తల్లీ? మిషన్ ఒకటి విసిరేలోపు మేం ఒకటి మడవాలి. నువ్వు పాడినట్టు పాడితే కుప్ప మీదపడి చచ్చేవాళ్ళం."

ముసలావిడ మిషన్ దగ్గర్నుంచి వేడివేడి దుప్పటి ఒకటి లాక్కొచ్చింది. "నా భుజం లేవదు. మీరిద్దరూ పట్టండి, చూపిస్తా" అని చెరో వైపూ అందించింది. అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు. మొహాలు చూసుకోకుండా ఉండాలంటే దుప్పటి వంకే చూడాలి, దుప్పటి వంక చూస్తే దాని అవతల మనిషి కనపడక తప్పదు. మొదటిసారి మామయ్య ముందే పరిగెత్తుకొచ్చాడు, అమ్మ ఇంకా దులుపుతూనే ఉంది. మడత వంకరగా వచ్చింది. "ఇది మడతా, మూటా?" అని ముసలావిడ విప్పేసింది.

"ఒరేయ్" అంది అమ్మ. అన్ని వారాల తర్వాత నేరుగా ఆయనతో అన్న మొదటి మాట అదే. "గట్టిగా పట్టుకో. నేను అడిగాక రా."

అడిగింది. ఆయన పలికాడు. ముసలావిడ చప్పట్లతో వేగం పెంచుతూ పోయింది, అమ్మ దాన్ని అందుకుంది, మామయ్య తెలియకుండానే పదాల చివర అరవడం మొదలుపెట్టాడు, అమ్మ వద్దనలేదు. రావే దగ్గరికి అన్నప్పుడల్లా ఇద్దరూ ఒకరి ముందుకి ఒకరు వచ్చి, చేతులు తగిలి, మళ్ళీ వెనక్కి వెళ్ళేవాళ్ళు. చాలా దుప్పట్లు మడిచారు. పనివాళ్ళు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అమ్మ వెనక మూటల మీదే కూర్చుంది, మేమిద్దరం చెరో పక్కా. వాన పడుతోంది. అమ్మ మామయ్య వైపు తిరిగి అంది.

"అమ్మ మనల్ని పడుకోబెడుతూ పాడేది. ఒళ్ళు హూనమై వచ్చేది కదా, మెల్లగా పాడేది. పలికేవాళ్ళు లేరు కాబట్టి ఆ చోట ఆగేది. నేనేమో అదే పాట అనుకున్నాను. అలిసిపోయి ఆగిందని అనుకోలేదు. పక్కనే ఉండి, పలకడం తెలీక నిద్రపోయేదాన్ని." కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ నిన్ను తిట్టాను."

"నాకేం తెలుసే అక్కా?" అన్నాడు మామయ్య, సిగ్గుపడుతూ. "నేను ఊరికే అరిచాను."

ఇంకొకరైతే ఆ సందులో దూరి, నేను ముందే చెప్పలేదా అని గొప్ప చెప్పుకునేవాళ్ళు. మామయ్య ఆ పని చెయ్యలేదు. అందుకు నాకు ఆయనంటే ఎప్పటికంటే ఎక్కువ ఇష్టం కలిగింది.

పాట కుదిరింది గానీ ప్రయాణం ఆగలేదు. షెడ్డులో రోజూ వాయించుకునేవాళ్ళు, వంటింట్లో మామయ్య మళ్ళీ మూతలు తీసి చూసేవాడు, ఆ తర్వాత మేడెక్కి సామాను సర్దుకునేవాడు. పట్నం వాళ్ళకి మాటిచ్చేశాడు, అక్క ఉండమనలేదు. అమ్మకి అనాలని ఉందని ఆవిడ మొహమే చెప్పేది. ఆవిడ మాత్రం, "చలికోటు పెట్టుకున్నాడేమో అడుగు" అని మళ్ళీ నాతోనే అనడం మొదలుపెట్టింది. ఆయన మెట్ల మీద నుంచే, "పెట్టుకున్నానని చెప్పు" అనేవాడు. నాన్న నుదురు కొట్టుకుని బస్సెక్కేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ నిండిపోయింది. మిషన్లు ఆపేశారు. దుప్పట్ల బల్లలు కలిపి వేదిక చేశారు. అమ్మ, మామయ్య అలవాటుగా జనం వైపు తిరిగి నిలబడి నాలుగైదు పాటలు వాయించారు. పిల్లలు గెంతారు, ముసలివాళ్ళు చెవులు మూసుకుని మరీ నవ్వారు. ఆఖర్న అమ్మ తన బేస్‌ని గిర్రున తిప్పుకుని మామయ్యకి ఎదురుగా నిలబడింది. ఆయనా ఆవిడ వైపు తిరిగాడు. వాళ్ళనలా ఎదురెదురుగా నిలబడి వాయించగా చూడ్డం నాకదే మొదలు.

టక్కుటక్కుమని తీగ మొదలైంది. "పట్టవే అంచు!" "పట్టానే అక్కా!" మామయ్య గొంతు చిరిగిపోయేట్టు అరిచాడు. "దులపవే దుప్పటి!" ఈసారి మామయ్యతో పాటు లాండ్రీ ఆడవాళ్ళందరూ పలికారు. పాట మళ్ళీ మొదటికి తిరిగింది, ఇంకోసారి తిరిగింది, ప్రతిసారీ వేగం పెరిగింది.

"రావే దగ్గరికి!" అంది అమ్మ.

'వస్తున్నానే అక్కా' అనాల్సిన చోట మామయ్య నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. గిటార్ మీద చెయ్యి ఆగిపోయింది. ఏ ఖాళీనీ వదలని మనిషి దాన్ని వదిలేసి అక్క వంక చూస్తూ నిలబడ్డాడు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి. ఆడవాళ్ళు కూడా ఆయన పలుకుతాడేమోనని ఆగారు. అమ్మ బేస్ ఆపలేదు. అదాగితే పాటే పడిపోతుంది. వాయిస్తూనే, మైకుకి దూరంగా, ఆయనకి మాత్రమే వినపడాలన్నట్టు ఏదో అంది.

"ఏంటే?" అన్నాడు మామయ్య.

అమ్మ మళ్ళీ అంది. తన బేస్ చప్పుడే ఆ మాటని మింగేసింది.

"వినపడట్లేదే అక్కా!"

అమ్మకి కోపం వచ్చింది. మూతి ముందుకి తెచ్చి మైకులోనే అరిచింది. "వెళ్ళొద్దు అంటున్నాన్రా, చెవిటి వెధవా!"

లాండ్రీ మొత్తం ఒక్క క్షణం నోరు వెళ్ళబెట్టింది. తర్వాత గోడలు అదిరేట్టు నవ్వు. నా పక్కన నాన్న రెండు చేతులూ పైకెత్తి, "హమ్మయ్య!" అన్నాడు.

"ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!" అని మామయ్య తన మైకులో అరిచాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. "వెళ్ళను! వెళ్ళనులేవే అక్కా!" అని గిటార్ మీద పడ్డాడు. బల్లలు ఊగాయి.

మడతల పెద్దమ్మ నా చెయ్యి లాగి చెవిలో అడిగింది. "ఆ మాట పాటలో లేదే, అమ్మాయ్?"

"లేదు పెద్దమ్మా" అన్నాను. "ఇవాళే చేరింది."